తమ్ముడి సైకిల్‌కి కొత్త వైర్లు, కొత్త ఔటర్లు: పని డైరీ

శనివారం ఉదయం: జబ్బు ఎక్కడుందో చూడటం

సైకిల్ తమ్ముడిది. తిన్నని హ్యాండిల్, వి-బ్రేకులు (రిమ్‌ని రెండు పక్కలా రెండు చేతులతో పట్టే రకం), ముందు 3, వెనక 8 గేర్లు. వాడి ఫిర్యాదు వాడి మాటల్లోనే రాసుకున్నాను: "అన్నా, వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి చైన్ బాగానే ఎక్కుతోంది. చిన్నదాని మీదికి దిగమంటేనే మొండికేస్తోంది. ఒకసారి నొక్కితే ఏమీ అవ్వదు, ఇంకోసారి నొక్కితే రెండు గేర్లూ ఒకేసారి పడతాయి."

ఈ మాటల్లోనే సగం సమాధానం ఉంది. చైన్ పెద్ద చక్రం మీదికి ఎక్కేటప్పుడు వైర్‌ని లాగేది మన బొటనవేలు. ఆ బలం ఎదుట, వైర్ మీది తొడుగైన ఔటర్‌లోని రాపిడి లెక్కలోకి రాదు. దిగేటప్పుడు షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేర్ మీట) వైర్‌ని వదిలేస్తుంది, అంతే. దాన్ని వెనక్కి లాక్కోవాల్సింది, చైన్‌ని పక్కకి జరిపే డీరైలర్‌లోని స్ప్రింగు. దాని బలం కొంచెమే కాబట్టి ఔటర్‌లో తుప్పు, మట్టి చేరగానే ముందు ఇబ్బంది పడేది అదే. ఎక్కడం బాగుండి దిగడం చెడితే చూడాల్సింది డీరైలర్ స్క్రూలను కాదు, వైర్ నడిచే దారిని.

బ్రేకుల సంగతీ ఇంతే. లీవర్ నొక్కితే పడుతోంది, వదిలితే బద్ధకంగా తిరిగొస్తోంది. వెనక బ్రేక్‌లో ఇది మరీ ఎక్కువ.

ఖాయం చేసుకోడానికి పనిముట్లేవీ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ చైన్‌ని అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కించాలి. తర్వాత పెడల్, చక్రం రెండూ ఆపేసి, షిఫ్టర్‌ని మాత్రం చివరి గేర్ దాకా నొక్కుకుంటూ పోవాలి. చైన్ తిరగదు కాబట్టి డీరైలర్ ఉన్నచోటే ఉంటుంది, వైర్ మాత్రం పూర్తిగా వదులైపోతుంది. అప్పుడు ఫ్రేమ్ మీద ఔటర్ చివర్లు ఆనే, చీలిక ఉన్న స్టాపర్లలోంచి ఔటర్ ముక్కలు చేత్తోనే బయటికి వస్తాయి. ఒక్కో ముక్కనీ వైర్ మీద ముందుకీ వెనక్కీ జరిపి చూస్తే ఏది జారుతోందో, ఏది పట్టేస్తోందో వేళ్ళకే తెలిసిపోతుంది.

ఇక్కడ పట్టేసింది ఎక్కువగా డీరైలర్ దగ్గరి చివరి వంపు ముక్క. ఆశ్చర్యం లేదు. వెనక టైరు చిమ్మే బురదంతా దాని మీదే పడుతుంది, పైనుంచి వైర్ వెంట జారిన నీళ్ళు కూడా అందులోకే దిగుతాయి. ఔటర్ జరపగానే వైర్ మీద గోధుమరంగు తుప్పు గీత కనబడింది. హ్యాండిల్ దగ్గర ఇంకోటి చూశాను: షిఫ్టర్‌లోకి దూరే చోట గేర్ ఔటర్ ప్లాస్టిక్ చీలి, లోపలి ఉక్కు పోగులు ఔటర్ చివరి టోపీ పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చాయి. నొక్కినప్పుడల్లా ఆ పోగులు కొంచెం కొంచెం జారుతుంటే గేర్ ఒకచోట నిలవమంటే ఎలా నిలుస్తుంది?

బ్రేక్ వైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అయినా నాలుగు వైర్లూ, ఔటర్లూ మొత్తం మార్చేద్దామని నిర్ణయించాను. వైర్ ఒక్కటే మార్చి పాత ఔటర్ ఉంచడం చాలామంది చేసే పని. నాకది నచ్చదు. తుప్పు పట్టేది వైర్‌కే కావచ్చు, కానీ ఆ తుప్పుపొడి, మట్టి నిలవుండేది ఔటర్ లోపల. అరిగి గాడి పడేది ఔటర్ లోపలి ప్లాస్టిక్ పూత. కొత్త వైర్ పాత గాడిలో తిరిగితే కొన్నాళ్ళకి మళ్ళీ అదే ఫిర్యాదు.

ఏం తీసుకోవాలి: ఇక్కడే ఎక్కువ ఆలోచించాను

ఔటర్‌లో వైర్ నడిచే ఈ ఏర్పాటుకి 1896లో ఎర్నెస్ట్ మనింగ్టన్ బౌడెన్ పేటెంట్ తీసుకున్నారు. అప్పటినుంచీ సూత్రం మారలేదు. లోపలి వైర్‌ని ఎంత బలంతో లాగుతామో, ఔటర్ అంతే బలంతో రెండు చివర్ల మధ్య నలుగుతుంది. అంటే ఔటర్ వైర్‌ని కాపాడే తొడుగు మాత్రమే కాదు, సగం పని చేసేది అదే. అది ఎంత కుదించుకుపోతే మనం లాగినదాంట్లో అంత వృథా.

బ్రేక్ ఔటర్, గేర్ ఔటర్ పైకి ఒకేలా నల్లగా కనిపిస్తాయి. కోసి చూస్తే రెండూ వేరే జాతులు. బ్రేక్ ఔటర్ సాధారణంగా 5 మి.మీ. మందం, లోపల బల్లపరుపు ఉక్కు తీగ స్ప్రింగులా చుట్లు చుట్టి ఉంటుంది. గేర్ ఔటర్ ఎక్కువగా 4 మి.మీ., అందులో సన్నని ఉక్కు పోగులు చుట్లు లేకుండా పొడవునా పక్కపక్కనే పేర్చి ఉంటాయి.

ఈ తేడా ఎందుకంటే, చుట్లు చుట్టిన ఔటర్‌ని వంచితే దాని పొడవు కొద్దిగా మారుతుంది. బ్రేక్‌కి దాంతో ఇబ్బంది లేదు, లీవర్ ఇంకో వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే సరిపోతుంది. క్లిక్ గేర్లకి అలా కుదరదు. 1984లో షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ అనే గేర్ల సెట్‌తో ఎస్‌ఐఎస్ అనే క్లిక్ పద్ధతి తెచ్చేదాకా చాలా సైకిళ్ళలో తొక్కేవాళ్ళే లీవర్‌ని చెవితో, చేత్తో సరిచూసుకుంటూ గేర్ పట్టించేవాళ్ళు. క్లిక్ వచ్చాక ఆ సర్దుబాటు పోయింది, షిఫ్టర్ ఒక్కో క్లిక్‌కి కొలిచి వదులుతుంది. షిమానో 8 స్పీడులో ఒక్క క్లిక్‌కి వైర్ కదిలేది దాదాపు 2.8 మి.మీ. డీరైలర్ దాన్ని 1.7 రెట్లు చేసి సుమారు 4.8 మి.మీ. పక్కకి జరుగుతుంది. పళ్ళచక్రాల మధ్య దూరం కూడా అంతే. ఇప్పుడు హ్యాండిల్ తిప్పినప్పుడు ఔటర్ అర మిల్లీమీటరు కుదించుకుందనుకోండి, డీరైలర్ దగ్గర అది 0.85 మి.మీ. తేడా అవుతుంది. చైన్ పక్క చక్రాన్ని గీకడానికి అది చాలు. అందుకే గేర్లకి పొడవు మారని ఔటర్ కావాలి.

మరి అంత మంచిదైతే బ్రేక్‌కి కూడా అదే వాడొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. వాడకూడదు, ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. గేర్ ఔటర్‌లోని నిలువు పోగుల్ని పట్టి ఉంచేది పైనున్న ప్లాస్టిక్ ఒక్కటే. గట్టిగా బ్రేక్ నొక్కినప్పుడు వచ్చే బలానికి ఆ ప్లాస్టిక్ చీలి పోగులు పక్కకి పగిలిపోవచ్చు, అదీ బ్రేక్ అన్నిటికన్నా అవసరమైన క్షణంలోనే. పొడవు మారని బ్రేక్ ఔటర్లు కూడా ఉన్నాయి, వాటిలో పోగుల మీద బలమైన అల్లిక ఒకటి అదనంగా ఉంటుంది. వైర్‌తో నడిచే డిస్క్ బ్రేకులకి అవి బాగా పనికొస్తాయి. కొనేటప్పుడు దాని మీద బ్రేక్ కోసమే అని స్పష్టంగా రాసి ఉండాలి. ఈ వి-బ్రేకులకి మామూలు చుట్ల ఔటరే తీసుకున్నాను.

వైర్ల మందంలోనూ తేడా ఉంది: బ్రేక్‌వి 1.5 లేదా 1.6 మి.మీ., గేర్‌వి 1.1 లేదా 1.2. చివరి గుండు ఆకారం కూడా చూసుకోవాలి. తిన్నని హ్యాండిల్ లీవర్లకి చిన్న పీపాలాంటి గుండు, వంపు హ్యాండిల్ రోడ్ సైకిళ్ళకి బేరిపండు ఆకారం గుండు. కొన్ని వైర్లకి రెండు చివర్లా రెండు రకాలూ ఉంటాయి, అక్కర్లేనిది కోసేయడమే. గేర్ వైర్లలో షిమానో, స్రామ్ కంపెనీల షిఫ్టర్లకి ఒకే గుండు సరిపోతుంది, కాంపన్యోలో కంపెనీది కొంచెం చిన్నది.

ఇక లోహం. జింక్ పూత వైర్ చవక, కానీ తేమలో ఉండే సైకిల్‌కి స్టెయిన్‌లెస్ స్టీలే సరి. అందులోనూ పైభాగం నునుపు చేసిన రకం తీసుకున్నాను. పాలిమర్ పూత వేసిన ఖరీదైన వైర్లు కొత్తలో అద్భుతంగా జారతాయి, నిజమే. కానీ ఆ పూత అరిగి పోగులుగా లేచి, ఔటర్ చివరి టోపీల దగ్గర పేరుకోవడం ఉంది. తరచూ విప్పి చూసుకునేవాళ్ళకి ఫర్వాలేదు. తమ్ముడు అలా చూసుకోడని నాకు తెలుసు. వాడికి నునుపు స్టెయిన్‌లెస్ చాలు.

చివరి టోపీలు కూడా కొత్తవే: బ్రేక్‌కి 5 మి.మీ.వి, గేర్‌కి 4 మి.మీ.వి. డీరైలర్ దగ్గరి ముక్కకి మాత్రం లోపల రబ్బరు సీలున్న టోపీ పెడుతున్నాను.

శనివారం మధ్యాహ్నం: కొలతలు, కోతలు

పాత ముక్కల్ని తీసిన వరుసలోనే నేల మీద పరిచి, దేని పక్కన దాని పేరు చీటీ పెట్టాను. పాతది కొలతకి మొదలు మాత్రమే. అది సరైన పొడవని నమ్మకూడదు, ముందు ఎవరో హడావుడిగా పొట్టిగా కోసి ఉండొచ్చు. ఈ సైకిల్‌లో వెనక బ్రేక్ ఔటర్ అలాగే ఉంది. హ్యాండిల్ పూర్తిగా ఒకవైపు తిప్పితే అది బిగుసుకుని స్టాపర్‌లోంచి వంకరగా లేస్తోంది.

పొడవు నిర్ణయించడానికి నేను చూసేవి రెండే. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిరిగినా ఔటర్ ఎక్కడా లాగబడకూడదు. స్టాపర్‌లోకీ, వైర్ బిగుతు సర్దే అడ్జస్టర్‌లోకీ అది తిన్నగా దూరాలి, వంగి దూరకూడదు. ఈ రెండూ కుదిరే అతి తక్కువ పొడవే సరైన పొడవు. అంతకంటే పొడుగైతే రాపిడి పెరుగుతుంది, పొట్టిదైతే చివర నొక్కుకుపోతుంది. డీరైలర్ దగ్గరి వంపు కాస్త ఉదారంగా, గుండ్రంగా రావాలి. అక్కడ పొదుపు చేస్తే మొత్తం పని పాడవుతుంది.

ఒక చిన్న మార్పు చేశాను. కుడి షిఫ్టర్ ఔటర్ అంతకుముందు ఫ్రేమ్‌కి కుడిపక్కనున్న స్టాపర్‌లోకే ఇరుకు వంపుతో వెళ్ళేది. దాన్ని ఫ్రేమ్ ముందునుంచి చుట్టి ఎడమ స్టాపర్‌కి, ఎడమ షిఫ్టర్ ఔటర్‌ని కుడి స్టాపర్‌కి పంపించాను. వంపులు రెండూ విశాలమయ్యాయి. ఒక్కో వైర్ చివరికి తన పక్కకే చేరాలి కాబట్టి కింది గొట్టం అడుగున రెండు వైర్లూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అక్కడ ఔటర్ లేదు, వైర్లు తిన్నగా బిగుతుగా ఉంటాయి, కొద్దిగా తాకినా నష్టం లేదు. ఔటర్ ఫ్రేమ్‌కి రాసుకునే చోట మాత్రం పెయింట్ పోకుండా చిన్న స్టిక్కర్లు అంటించాను.

కోత దగ్గరే ఓపిక కావాలి. మామూలు కటింగ్ ప్లేయర్ ఔటర్‌ని కోయదు, నలిపి చప్పిడి చేస్తుంది. కోసే నోరు చుట్టూ పట్టుకుని మూసుకునే కేబుల్ కట్టర్ కావాలి. దానితో కోసినా లోపల పాత వైర్ ముక్క ఒకటి దూర్చి ఉంచి కోస్తాను. లోపల ఏదో ఉంటే గొట్టం కుంగదు.

కోసిన చివరని ఆకురాయితో చదును చేయడం తప్పనిసరి. బ్రేక్ ఔటర్‌లో చుట్టు సగంలో తెగి కొక్కెంలా లోపలికి వంగి ఉంటుంది. అది అలాగే ఉంటే వైర్‌ని గీకుతుంది, చివర కూడా టోపీలో ఏటవాలుగా కూర్చుంటుంది. అలాంటి చివర నొక్కినప్పుడల్లా కుంగుతుంది. బ్రేక్ మెత్తగా స్పాంజిలా ఉందని మనం ప్యాడ్లనీ, లీవర్‌నీ అనుమానిస్తాం, అసలు దోషం ఇక్కడుంటుంది. ఔటర్ పొడవుకి లంబంగా, బల్లమీద నిలబెడితే నిలిచేంత చదునుగా రుద్దాలి. గేర్ ఔటర్ చివర కూడా అంతే, పోగులన్నీ ఒకే మట్టానికి రావాలి. చివరగా మూసుకుపోయిన లోపలి ప్లాస్టిక్ పూతని దబ్బనంతో గుండ్రంగా తెరిచి, ఊది, టోపీ తొడిగాను. ఎక్కువ సమయం దీనికే పట్టింది, పట్టాల్సిందే.

నూనె సంగతి: లోపల ప్లాస్టిక్ పూత ఉన్న ఈ ఔటర్లకి గ్రీజు దట్టించకూడదు. దుమ్ముని పట్టి ఉంచుతుంది, గేర్ వైర్‌కి బరువుగా మారుతుంది. కొన్ని గేర్ ఔటర్లు ఫ్యాక్టరీలోనే పలుచని సిలికోన్ గ్రీజుతో వస్తాయి. వాటికి ఇంకేం కలపక్కర్లేదు.

సాయంత్రం: బ్రేకులు

లీవర్ దగ్గర అడ్జస్టర్, దాని లాక్ రింగు, లీవర్ ఈ మూడింటి చీలికల్నీ ఒకే గీతలోకి తెస్తే పాత వైర్ పక్కకి వచ్చేసింది. కొత్తదాని గుండుని గూట్లో కూర్చోబెట్టి, అడ్జస్టర్‌ని పూర్తిగా లోపలికి తిప్పి, మళ్ళీ ఒక చుట్టు బయటికి విప్పి ఉంచాను. తర్వాత బిగించుకోడానికీ, వదులు చేసుకోడానికీ రెండు వైపులా జాగా ఉంటుంది.

వి-బ్రేక్ దగ్గర ఔటర్ వచ్చి చేరేది ఒక లోహపు వంపు గొట్టంలోకి. దాని లోపలి పూత అరిగిపోయి వైర్ నేరుగా లోహాన్ని గీకుతోంది, కాబట్టి అదీ కొత్తది వేశాను. వెనక బ్రేక్ బద్ధకానికి సగం కారణం ఇదే అయ్యుండాలి.

ప్యాడ్లు రిమ్‌కి ఒక్కో వైపు 1 నుంచి 1.5 మి.మీ. దూరంలో ఉండేలా బ్రేక్ చేతులు రెండూ దగ్గరికి పట్టుకుని, వైర్ లాగి బోల్టు బిగించాను. వైర్ వాషర్ కింద గాడిలోనే పడాలి. బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. తర్వాత తమ్ముణ్ణి పిలిచి లీవర్‌ని బలమంతా పెట్టి నొక్కమన్నాను. "విరిగిపోదా అన్నా?" అన్నాడు. విరిగేదైతే ఇక్కడ, ఆగి ఉన్నప్పుడే విరగాలి. వాడు నొక్కుతుంటే నేను టోపీల్నీ, బోల్టునీ, వైర్ గుండునీ చూస్తూ ఉన్నాను. ఔటర్ చివర్లు టోపీల్లో కూర్చుని వైర్ కాస్త వదులైంది. దీన్ని వైర్ సాగడం అంటారు గానీ నిజానికి సర్దుకునేది ఎక్కువగా ఔటర్ చివర్లే. బోల్టు వదిలి మళ్ళీ లాగి బిగించాను. రెండు చేతుల స్ప్రింగు బలం సమానం చేసే చిన్న స్క్రూలు తిప్పి ప్యాడ్లు రెండూ ఒకేసారి తాకేలా చేశాను. ఎంత గట్టిగా నొక్కినా లీవర్ హ్యాండిల్‌కి ఆనలేదు.

వైర్ తోకలు ఇంకా కోయలేదు. ఒకసారి కోశాక చివర విచ్చుకుంటే మళ్ళీ ఔటర్‌లో దూర్చడం గండం.

ఆదివారం: గేర్లు

వెనక షిఫ్టర్‌ని అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం గేర్‌లో, ముందుదాన్ని చిన్న చక్రం గేర్‌లో పెట్టాను. రెండింట్లోనూ వైర్ పూర్తిగా వదులయ్యేది అక్కడే, గుండు బయటికి వచ్చే రంధ్రం ఎదురుగా నిలబడేదీ అప్పుడే. షిఫ్టర్ మీది చిన్న మూత స్క్రూ విప్పి వైర్‌ని వెనకనుంచి తోస్తే గుండు బయటికి వచ్చింది. చూస్తే గుండు దగ్గరే కొన్ని పోగులు తెగి ఉన్నాయి. షిఫ్టర్ లోపల వైర్ ఇరుకుగా చుట్టుకునే చోటు కాబట్టి అక్కడే ముందు తెగుతుంది, బయటికి కనబడదు. పూర్తిగా తెగిపోయుంటే గుండు లోపలే ఇరుక్కుని, దాన్ని లాగడం పెద్ద పనయ్యేది. గేర్లు పాడవుతున్నాయని అనిపించగానే ఇది ఒకసారి చూడటం మంచిది.

కొత్త వైర్ దూర్చాను. పెడల్ ఇరుసు అడుగున వైర్లు తిరిగే ప్లాస్టిక్ గాడి ముక్క నిండా గట్టిపడిన మట్టి ఉంది. దాన్ని బ్రష్షుతో కడిగి, ఆరాక ఒక్క చుక్క తేలిక నూనె వేశాను. వెనక డీరైలర్ బోల్టు దగ్గర వైర్ ఏ గాడిలో ఉందో విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. తప్పు పక్కన పడితే లాగే నిష్పత్తే మారిపోతుంది, ఎంత తిప్పినా గేర్లు కుదరవు. బిగింపు 6 నుంచి 7 న్యూటన్ మీటర్లు.

బిగించాక ఫ్రేమ్ కింద బయటికి కనబడే వైర్‌ని చేత్తో గట్టిగా పక్కకి లాగి ఔటర్లన్నీ కూర్చోబెట్టి, మళ్ళీ బిగించాను. తర్వాత ఒక్క క్లిక్. చైన్ రెండో చక్రం మీదికి ఎక్కాలి. ఎక్కీ ఎక్కనట్టు ఉంటే అడ్జస్టర్‌ని అర చుట్టు బయటికి విప్పాలి, అప్పుడు టెన్షన్ పెరుగుతుంది. ఎక్కాక మూడో చక్రాన్ని గీకుతుంటే లోపలికి తిప్పాలి. ఇక్కడినుంచి పావు చుట్టు చొప్పున, చెవి పెట్టి. హెచ్, ఎల్ అని రాసిన రెండు స్క్రూల జోలికి వెళ్ళలేదు. డీరైలర్ ఎక్కడిదాకా వెళ్ళొచ్చో చెప్పే హద్దులు అవి, వైర్ మారినంత మాత్రాన అవి మారవు. గేర్ కుదరనప్పుడు ముందుగా వాటినే తిప్పేయడం వల్ల చైన్ చక్రం ఊచల్లో పడటం దాకా వెళుతుంది.

ముందు గేర్ తేలిగ్గానే అయిపోయింది.

అన్ని గేర్లూ పైకీ కిందికీ తిప్పి చూశాక తోకలు దాదాపు 4 సెంటీమీటర్లు వదిలి కోసి, చిన్న అల్యూమినియం టోపీలు నొక్కి బిగించాను. తొక్కే ముందు సైకిల్‌ని నడిపిస్తూ రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూశాను. తర్వాతే తమ్ముడికి ఇచ్చాను. తిరిగొచ్చి వాడు మొదట చెప్పింది గేర్ల గురించి కాదు: "వెనక బ్రేక్ వదిలితే టక్కున వెనక్కి వచ్చేస్తోంది అన్నా."

కొన్ని రైడ్ల తర్వాత

అనుకున్నట్టే కొత్త ఔటర్లు ఇంకాస్త సర్దుకున్నాయి. నాలుగో గేర్ నుంచి పెద్ద చక్రం మీదికి ఎక్కడం కొంచెం ఆలస్యమైంది. షిఫ్టర్ దగ్గరి అడ్జస్టర్‌ని పావు చుట్టు విప్పితే సరిపోయింది. వెనక బ్రేక్ అడ్జస్టర్ అర చుట్టు. ముందు బ్రేక్‌ని తాకక్కర్లేదు. దిగే గేర్లు ఒక్క క్లిక్‌కి ఒక్కటే పడుతున్నాయి.

ముక్కల పొడవులన్నీ ఒక చీటీలో రాసి సీటు కింది సంచిలో పెట్టాను, వెనక బ్రేక్ ఔటర్ పక్కన "పాతదానికన్నా పొడవు" అని గుర్తు కూడా. వెనక ప్యాడ్ల గాడులు దాదాపు అరిగిపోయాయి, తర్వాతి పని వాటిదే.